మూడు దాటని ముల్లు

ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపిన మనిషిని ఒక బస్సు దాటేసింది. అదీ కొండ రోడ్డు మీద. అదీ ఆయన స్పోర్ట్స్ కారులో ఉండగా.

పక్క సీట్లో కూర్చున్న భార్య ఆ దాటడమంతా కళ్ళారా చూసింది. ఆ కారు నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, బస్సు పక్కకి వచ్చినప్పుడు భర్త వైపు అద్దంలోంచి ఆమెకి కనపడినవి కిటికీలు కాదు, చక్రం నట్లు. పది నట్లు, అందులో ఒకటి తుప్పు పట్టింది. అవి తొందరేమీ లేనట్టు తిరుగుతూ తిరుగుతూ ముందుకి వెళ్ళిపోయాయి. డ్రైవరు ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే. గురుభక్తితో రెండుసార్లు చిన్నగా హారన్ కొట్టాడు. వెనక అద్దంలోంచి ప్రయాణికులెవరో చేతులు ఊపారు.

"చూశావా," అన్నాడాయన. అంతే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనకి ఒకటే కోరిక. వెనక అరవైమంది బరువు లేకుండా, గంట కొడితే ఆగే పని లేకుండా, తన ఇష్టానికి ఒక్కసారి ఆ కొండెక్కాలని. రిటైరైన ఆర్నెల్లకి ఒక పళ్ళ డాక్టరు, చిన్నింటికి మారుతూ పెట్టుకోవడానికి చోటు లేక, తన రెండు సీట్ల ఆకుపచ్చ కారు అమ్మేస్తుంటే ఈయన కొన్నాడు. కొన్న రోజు పసిపిల్లాడిలా మూడుసార్లు లేచి షెడ్డులోకి వెళ్ళి చూసొచ్చాడు. ఇప్పుడేమో బస్సు దాటిన రోజు నుంచి ఎనిమిది రోజులుగా పొద్దున్నే దాన్ని గుడ్డ పెట్టి తుడుస్తాడు, తాళం చెవి మేకుకి తగిలిస్తాడు, వచ్చి కుర్చీలో కూలబడతాడు. "ఎక్కడికైనా వెళ్దామా?" అంటే, "బస్సులో పోదాంలే," అంటాడు.

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. మనిషి ఇలాగే ఇంకో నెల కూర్చుంటే మళ్ళీ స్టీరింగు పట్టుకోడని ఆమెకి తెలుసు. మోకాలు నొప్పని మేడెక్కడం మానినవాళ్ళు మళ్ళీ ఎక్కడం ఆమె ఎక్కడా చూడలేదు.

ఈ సంగతి ఆమె తమ్ముడి చెవిన పడింది. తమ్ముడు లారీల మేస్త్రి. కొండ మొదట్లోనే అతని షెడ్డు. చేతికందే ఎత్తులో గొలుసు కప్పీ, నేలలో ఆరడుగుల గొయ్యి, గోడ నిండా పానాలు. ఎంత పెద్ద లారీ అయినా రెండు రోజుల్లో విప్పి మూడోనాటికి బిగించేస్తాడని పేరు. బావ కారు తెప్పించి చూసి, తుడుచుకున్న చెయ్యే మళ్ళీ తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు.

"ఇంజన్ మార్చేద్దాం బావా. దీనిది పిచ్చుక గుండె. పాత బండ్ల యార్డులో ఆరు సిలిండర్లది ఒకటి వచ్చింది. పెద్ద కారుది. వెనకనించి గుద్దితే డిక్కీ నుజ్జయింది గానీ ఇంజన్‌కి గీత పడలేదు. గుర్రం గుండె! దాన్ని దీంట్లో పెడితే నీ బస్సు కాదు, బస్సు తాత కూడా దాటలేడు."

"పిచ్చుక ఒంట్లో గుర్రం గుండె పెడితే పిచ్చుక ఎగురుతుందా, కూలబడుతుందా?" అంది అక్క.

"అక్కా, నువ్వు మొదలెట్టకు."

"మొదలెట్టకపోవడమా! ఈవిడ మొదలెట్టందెప్పుడు?" అన్నాడు భర్త. ఎనిమిది రోజుల్లో ఆయన మొదటిసారి కొంచెం నవ్వాడు. డిపోలో అందరూ ఆమెని 'ఎంక్వైరీ' అనేవారు. భర్తకి క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళి, ఆ బస్సు తలుపు మడతపడుతుందెందుకు, ఈ టైరు మీద గీతలు వంకరగా ఉన్నాయెందుకు అని అడిగి అడిగి కంట్రోలరు కూడా తల పట్టుకునేట్టు చేసిన మనిషి.

"ఈ ఇంజన్‌కి రోగమేమిటిరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"రోగమేం లేదు. నాలుగు సిలిండర్లలోనూ ఒత్తిడి కొలిచాను. నాలుగూ కవలపిల్లల్లా ఉన్నాయి. పొగ లేదు, ఆయిల్ తాగట్లేదు."

"మరి?"

"పుట్టడమే బలహీనంగా పుట్టింది."

"బలహీనంగా పుట్టినదాన్ని పందెం కారంటూ ఎందుకమ్మారురా?"

తమ్ముడు పానాతో వీపు గోక్కున్నాడు. జవాబు దొరక్కపోతే అతను చేసే పని అది. ఆపైన సుద్దముక్క తీసి పనిలో పడ్డాడు. కాళ్ళు పెట్టుకునే చోటుకీ ఇంజన్‌కీ మధ్యనున్న ఇనుప గోడ మీద నాలుగు వేళ్ళ వెడల్పున ఒక గీత గీశాడు. బానెట్ మీద పళ్ళెమంత గుండ్రం చుట్టాడు. అక్కడ కోయాలి, ఇక్కడ లేపాలి, గేరుపెట్టె మార్చాలి, స్ప్రింగులు గట్టివి వెయ్యాలి. మూడు నెలల పని. ఆ ఇంజన్ని పడవకి పెట్టుకుంటానని ఇంకొకడు తిరుగుతున్నాడట. యార్డువాడు శనివారం దాకా ఆగుతానన్నాడు.

"శనివారం దాకా దేనికి? తీసేసుకో," అన్నాడు బావ.

ఆమె చూపు సుద్దగీత మీదే ఉంది. ఆమెది కుట్టుపని. కర్టెన్లు, సోఫా కవర్లు, బడి యూనిఫారాలు కుడుతుంది. బట్ట మీద సుద్దగీత పడిందంటే తర్వాతి వంతు కత్తెరదేనని ఆమెకి వేరే చెప్పక్కర్లేదు.

"కోశాక నచ్చకపోతే?"

"నచ్చకపోవడమేంటక్కా?"

"నచ్చకపోతే అంటున్నాను. మళ్ళీ ఇదే ఇంజన్ పెట్టుకోవచ్చా?"

"ఇనుము అతుకుతుంది. కానీ అతుకు అతుకే."

"అయితే శనివారం దాకా కోత వద్దు. సీటు కవర్లకి కొలతలైనా తీసుకోనీ," అంది ఆమె. సీట్లు చిరిగినమాట నిజమే. కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నారు. కారు ఇంటికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం టేపు మెడలో వేసుకుని ఆమె ఇంటి షెడ్డులో ఆ కారెక్కింది. ఎక్కడం కాదు, దిగడమనాలి. పీట మీద కూర్చున్నట్టుంటుంది. ఎప్పుడూ పక్క సీట్లో కూర్చునే మనిషి, ఆ రోజు కొలతల కోసం డ్రైవరు సీట్లో కూర్చుంది. కూర్చోగానే ఎదురుగా డయలు.

వేగం చూపించే డయలు కాదది. అది పక్కన చిన్నదిగా, చుట్టంలా ఒదిగి ఉంది. నడిమధ్యన, ఇంటి పెద్దలా కూర్చున్నది ఇంకొకటి. దాని మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఎనిమిది దగ్గర ఎర్రగీత మొదలవుతుంది. కొండెక్కిన రోజు ఆమె ఈ ముల్లుని గమనిస్తూనే ఉంది. నట్లు లెక్కపెట్టిన మనిషి ముల్లుని చూడకుండా ఉంటుందా? అది రెండుకీ మూడుకీ మధ్య ఊగింది. మూడు దాటలేదు.

'మూడు దాటని ముల్లుకి తొమ్మిది దాకా అంకెలెందుకు?' అనుకుంది ఆమె. 'కొలత వాడనివాడు టేపు మీద గీతలు గీయడు కదా.'

సీటు కొలతలు అక్కడే ఆగిపోయాయి. ముందున్న అర తెరిచింది. పళ్ళ డాక్టరు వదిలిన పాత రసీదులు, ఒక దువ్వెన, ప్లాస్టిక్ కవరులో కారు తాలూకు పుస్తకం. పుస్తకం ఏదో పరాయి భాషలో ఉంది. ఒక్క ముక్క తెలియదు. కానీ చివర్లో ఒక పేజీలో గళ్ళ కాగితం మీద గీసిన గీతొకటి ఉంది. కింది వరసలో అవే అంకెలు, ఒకటి నుంచి తొమ్మిది. గీత ఎడమ పక్క అడుగున మొదలై, మెల్లగా లేచి, ఆరు దగ్గర ఒక్క కుదుపుతో పైకి ఎగిసి, ఎనిమిది ముందు శిఖరమెక్కి వంగిపోయింది. చంకభాగం కత్తిరింపు గీతని తిరగేసినట్టుంది.

పుస్తకం పట్టుకుని భర్త కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ, ఈ గీత ఏం చెబుతోంది?"

ఆయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "కింద అంకెలు ఇంజన్ తిరిగే వేగం. నిమిషానికి ఇన్ని వేల చుట్లని. నిలువునున్నవి బలం."

ఆమె టేపు పరిచింది. రెండు దగ్గర గీత ఎత్తు ముప్పాతిక అంగుళం. మూడు దగ్గర అంగుళంపైన ఒక నూలు. ఏడున్నర దగ్గర నాలుగంగుళాలు.

"అంటే మీరు నాలుగు గజాల బట్ట కొని, గజంలో చొక్కా కుట్టించుకుని, పొట్టయిందని ఏడుస్తున్నారు."

ఆయనకి కోపం వచ్చింది. "మూడు దాటించేవాడు డ్రైవరు కాదు! ఆ షీల్డులు ఊరికే ఇచ్చారనుకున్నావా?"

బీరువా మీద పదకొండు షీల్డులున్నాయి. డీజిల్ ఆదాకి ఇచ్చినవి. డిపో మొత్తం మీద లీటరుకి ఎక్కువ దూరం నడిపినవాడికి ఏటా ఒకటిస్తారు. దాని కిటుకు ఒకటే. ఇంజన్ గొంతు పెంచకముందే పై గేరు వెయ్యాలి. ట్రైనింగు రోజుల్లో ఆయన గురువు బెత్తం పట్టుకుని వెనక నిలబడేవాడట. ఇంజన్ అరిచిందంటే డ్రైవరు నిద్రపోతున్నట్టేనని వీపు మీద ఒక్కటిచ్చేవాడట. ముప్ఫై రెండేళ్లలో తన ఇంజన్ అరవలేదని ఆయన గొప్ప. అది గొప్పేనని ఆమె కూడా ఒప్పుకుంటుంది.

"బస్సు సంగతి కాదండీ. ఇది బస్సు కాదు కదా."

"ఇంజన్ ఇంజనే."

"మిషన్ మిషనేనా?" అంది ఆమె. "కాలి మిషన్ మీద కర్టెన్ గుడ్డ నెమ్మదిగా తొక్కితేనే బాగా కుట్టేది. మోటారు మిషన్ కొత్తగా వచ్చినప్పుడు అలాగే మెల్లగా నొక్కితే, సూది బట్టలో దిగబడి మూలిగేది. పాడైపోయిందని మీ చేత మోయించి తీసుకెళ్తే, బాగుచేసేవాడు ఏమన్నాడు? 'అమ్మా, దీన్ని భయపడకుండా నొక్కండి, అది అలా పుట్టింది,' అన్నాడా లేదా?"

మోసినవాడు గనక ఆయనకి గుర్తుంది. పుస్తకం మళ్ళీ తీసుకుని, ఆ గీత వెంట వేలు పోనిచ్చాడు. "ఆరు దగ్గర ఈ కుదుపేంటి?" అని తనలో తనే అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే, రోడ్డు మీద పాలబండ్లు తప్ప ఏమీ లేని వేళ, ఇద్దరూ బయల్దేరారు. తమ్ముడి షెడ్డు దాటగానే కొండ మొదలవుతుంది. మొదట రెండు మలుపులు, ఆ తర్వాత మైలుపొడుగున తిన్నని ఎత్తు. బస్సు దాటింది అక్కడే.

"రెండో గేరులోనే ఉంచండి. నేను అంకెలు చెబుతా," అంది ఆమె.

"సరే."

"రెండు... రెండున్నర..."

మూడు అనబోతుండగానే ఆయన ఎడమకాలు క్లచ్ తొక్కింది, చెయ్యి గేరు వేసింది. ముల్లు కిందికి జారింది. కారు మూలిగింది.

"మార్చారేం?"

"నేనెక్కడ మార్చాను?" అన్నాడాయన. నిజంగానే ఆయనకి తెలియలేదు. చెయ్యి చూసుకున్నాడు, ఎవరి చెయ్యో అన్నట్టు.

కిందికి వచ్చి మళ్ళీ ఎక్కారు. మళ్ళీ అంతే. మూడోసారి పళ్ళు బిగబట్టి మూడున్నర దాకా లాగాడు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. "చెవి ఒప్పుకోవట్లేదే," అన్నాడు దీనంగా. "అది అరుస్తుంటే వీపు మీద బెత్తం ఉన్నట్టుంది."

నాలుగోసారి ఆమె రెండో గేరు పడేదాకా ఆగి, గేరు రాడ్డు మీద తన చెయ్యి వేసి మూసేసింది. ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి.

"తియ్యి!"

"తియ్యను. ఏడు అన్నాక తీస్తా. మూడు... మూడున్నర..."

"పగిలిపోతుందే!"

"ఎర్రగీత ఎనిమిది దగ్గరుంది. పగిలేట్టుంటే ఆ గీత ఇంకా ముందే గీసేవాళ్ళు. నాలుగు... అయిదు..."

ఆయన చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. లాగలేదు. అలాగే ఉండిపోయింది. ఇంజన్ గొంతు సన్నబడుతూ, పైకి పాకుతూ, అయిదున్నర దాటింది. ఆరు అనడానికి ఆమె నోరు తెరిచింది. ఇంజన్ గొంతు మారింది. అప్పటిదాకా ముక్కుతో పాడుతున్న మనిషి ఒక్కసారి నోరు తెరిచి పాడినట్టయింది. వెనకనించి ఎవరో రెండు చేతులతో తోసినట్టు ఇద్దరి వీపులూ సీట్లకి అంటుకుపోయాయి. రోడ్డు పక్క కిలోమీటరు రాయి వచ్చింది, పోయింది.

"ఏడు!" అని అరిచి ఆమె చెయ్యి తీసేసింది.

ఆయన మూడో గేరు వేసి, కాలు తీసేసి, కారుని పక్కకి ఆపాడు. ఇద్దరికీ ఊపిరాడలేదు. ఆమెకి నవ్వొస్తోంది. ఆయనకి నవ్వు రాలేదు.

"భయమేసిందా?" అంది.

"కాదు." స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. "మీవాడి ఇంజన్ పెట్టుకున్నామనుకో. ఈ గోలంతా లేకుండా, బస్సులా నిండుగా, రెండువేల మీదే ఎక్కేస్తుంది. నా చేతికి అలవాటైన నడక అది. దీన్నయితే ఎక్కిన ప్రతిసారీ అరిపించాలి. ఈ వయసులో నా చెవి మార్చుకోవాలా, ఇంజన్ మార్చుకోవాలా?"

ఈ ప్రశ్న ఆమె అనుకోలేదు. ఆరు దాటిస్తే చాలు, సుద్దగీత చెరిగిపోతుందనుకుంది. ఇప్పుడు చూస్తే ఆయన అన్నదాంట్లో న్యాయముంది. కారుకి తగిన ఇంజన్ ఇదే కావచ్చు. ఆయనకి తగినది అది కావచ్చు. ఎవరికోసం ఎవరు మారాలో పుస్తకంలో గీత గీసి లేదు.

"నాకు తెలీదండీ," అంది నిజాయితీగా. "నడిపేది మీరు. నా చెయ్యి రోజూ అడ్డం పెట్టలేను కదా."

శనివారం పది గంటలకి యార్డువాడు ఫోన్ చేస్తాడు. తొమ్మిదిన్నరకి ముగ్గురూ తమ్ముడి షెడ్డులో ఉన్నారు. తమ్ముడు కోత మిషన్‌కి కొత్త బిళ్ళ బిగించి సిద్ధంగా పెట్టుకున్నాడు. జరిగిందంతా అక్క చెబితే నమ్మలేదు.

"లారీ ఇంజన్ నాలుగువేలు తిరిగితే పిస్టన్ బయటికొచ్చి నమస్కారం పెడుతుంది. ఏడువేలంటావేంటక్కా?"

"పోయి నువ్వే నడిపి చూడు."

"నావల్ల కాదు. ఆ చప్పుడికే నా కాలు బ్రేకు మీదకి పోతుంది," అన్నాడు తమ్ముడు. ఆ మేస్త్రి చెవి కూడా బావ చెవి లాంటిదే. ఇరవై ఏళ్ళు డీజిల్ పొగలో పెరిగిన చెవి.

భర్త వాళ్ళ మాటలు వినట్లేదు. గుమ్మం దగ్గర నిలబడి కొండ వైపు చూస్తున్నాడు. "ఒకసారి వెళ్ళొస్తా," అన్నాడు.

ఆమె చెంగు సర్దుకుని లేచింది.

"నువ్వొద్దు. నేనొక్కణ్ణే."

కారు వెళ్ళింది. అక్కాతమ్ముళ్ళు రోడ్డు మీదకొచ్చి నిలబడ్డారు. మలుపులు దాటాక కారు కనపడదు, చప్పుడు మాత్రం కొండంతా తిరిగి కిందికి వస్తుంది. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. అతను ఇంజన్లని అలాగే చూస్తాడు.

"మొదటి గేరు," అన్నాడు. "రెండోది పడింది. ఇప్పుడు లాగుతున్నాడు. ఇప్పుడు మారుస్తాడు బావ, చూడు."

మార్చలేదు.

"ఇదుగో ఇప్పుడు."

మార్చలేదు. చప్పుడు పైకి పాకింది. ఆమె వేళ్ళు తెలియకుండానే గాలిలో దేన్నో మూసి పట్టుకున్నాయి. ఒక్కసారి చప్పుడు తగ్గినట్టనిపించింది. కానీ అది మలుపులో గాలి. మళ్ళీ అందుకుంది. నాలుగుండొచ్చు. అయిదుండొచ్చు. అక్కడ ఏ చెయ్యీ అడ్డం లేదు. మారిస్తే మార్చుకోవచ్చు, ఎవరూ చూడరు.

కొండ మీద గొంతు మారింది.

తమ్ముడు కళ్ళు తెరిచాడు. "ఇదేంటిది?"

"ఆరు," అంది ఆమె.

ఆ గొంతు అలాగే సాగి సాగి, ఇంకెక్కడా చోటు లేదనిపించాక అప్పుడు మారింది గేరు. మళ్ళీ ఎక్కింది. రెండో మారు కూడా నోరు తెరిచింది. ఆ తర్వాత కొండ అవతలికి వెళ్ళి వినపడకుండా పోయింది.

యార్డువాడి ఫోను మోగినప్పుడు ఆయన ఇంకా రాలేదు. తమ్ముడు అక్క ముఖం చూశాడు. ఆమె, "నన్నడక్కు, ఆయన్ని రానీ," అంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. పావుగంటకి కారు దిగి వచ్చింది. బానెట్ లోంచి వేడి సెగ. ఆయన దిగి, తలుపు వెయ్యడం మర్చిపోయి, తిన్నగా బావమరిది దగ్గరికొచ్చాడు.

"ఏరా, ఆరు దగ్గర దీంట్లో ఏదో ఇంకొకటి తెరుచుకుంటోంది. ఏంటది? వాల్వులా? ఇంకో పెట్రోలు దారా? రెండు గొంతులు ఒక ఇంజన్‌కి ఎలా వస్తాయి?"

తమ్ముడు వీపు గోక్కోవడానికి పానా కోసం చూశాడు. అది అందుబాటులో లేదు.

"తెలీదు బావా."

"తెలీకుండానే పీకేద్దామనుకున్నావా?"

"నువ్వు మాత్రం? తెలీకుండానే పీకమన్నావు కదా!"

"సరే, ఇద్దరం గాడిదలమే. ముందా యార్డువాడికి ఫోన్ చేసి, పడవవాడికి ఇచ్చేసుకోమను. తర్వాత ఈ బానెట్ ఎత్తు."

తమ్ముడు ఫోన్ చేశాడు. అవతలివాడు ఏదో అడిగాడు. "లేదండీ, బండికేం కాలేదు," అన్నాడు తమ్ముడు బావ వైపు ఓరగా చూస్తూ. "డ్రైవరు కొత్తవాడు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు."

బావ చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. అప్పటికే ముగ్గురి తలలూ బానెట్ కింద ఉన్నాయి, వేడికి ముఖాలు కమిలిపోతున్నాయి, ఆమె ఒక మూత మీద వేలు పెట్టి కాల్చుకుని, దాన్ని నోట్లో పెట్టుకుని, "ఇది దేనికి?" అని అడుగుతోంది.